జుమికి తీగ – పేర్ల వెనుక చరిత్ర

వానకాలం మొదలై నాలుగు జల్లులు పడేసరికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో చేలగట్ల మీద, ముళ్ల కంచెల మీద, బాటల పక్క పొదల మీద ఒక తీగ పాకుతూ కనిపిస్తుంది. దాని ఆకు మూడు కొనలతో, మెత్తని నూగుతో ఉంటుంది. నలిపితే ముక్కు మూసుకోవలసినంత ఘాటు వాసన. పువ్వు తెల్లవారగానే విప్పారి, ఎండ ముదిరేలోగా ముడుచుకొంటుంది. తరువాత వచ్చే కాయ చుట్టూ సన్నని పచ్చని దారాలతో అల్లిన వల వంటి తొడుగు ఉంటుంది. కాయ పండి పసుపుపచ్చగానో నారింజ రంగుకో తిరిగినప్పుడు పశువులను కాసే పిల్లలు తొడుగు విప్పి, లోపలి తియ్యని గింజల గుజ్జును జుర్రుకొంటారు. ఈ తీగకు తెల్లజుమికి అని పేరు. జుమికి అంటే చెవికి వేలాడే నగ. ఆ పేరు పెట్టినవారెవరో గాని, మొక్కను శ్రద్ధగా చూచినవారే.

ఇవే జిల్లాల పట్టణాలలో కొత్తగా కట్టుకొన్న ఇళ్ల ముందు, గేటు కమానుల మీద మరొక తీగ కనబడుతుంది. దాని పువ్వు ఊదారంగుది, ఇంచుమించు అరచేయంత ఉంటుంది. దీనిని నర్సరీలో డబ్బిచ్చి కొని తెచ్చుకొంటారు. కృష్ణకమలమనీ, కౌరవపాండవుల పువ్వనీ, రాఖీ పువ్వనీ పిలుస్తారు. కంచె మీది తెల్లజుమికిని కలుపుమొక్క అని పీకి పారవేసి, ఆ చోటనే కృష్ణకమలం నాటడం కూడా కద్దు. ఆ రెండూ అక్కచెల్లెళ్లని నాటేవారికి తెలియదు. వృక్షశాస్త్రంలో రెంటిదీ ఒకటే ప్రజాతి: పాసిఫ్లోరా. ఈ ప్రజాతిలో 550 దాకా జాతులు ఉన్నవి. వాటిలో 500కు పైగా అమెరికా ఖండాలవే. ఆసియా, ఆస్ట్రేలియాలకు సొంతమైనవి రెండు డజన్లకు మించవు. నీలగిరులలో పెరిగే పాసిఫ్లోరా లెషెనాల్టియై ఆ కొద్దివాటిలో ఒకటి. 1828లో ద కందోల్ దానిని వర్ణించి, పుదుచ్చేరిలో పనిచేసిన లెషెనో అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుని పేరు పెట్టినాడు. కంచె మీది తెల్లజుమికి గాని, గేటు మీది కృష్ణకమలం గాని అటువంటివి కావు. రెండూ సముద్రం దాటి వచ్చినవే.

వచ్చిన మొక్కకు దేశదేశాన ఒక్కొక్క పురాణం పేరు ఎట్లా అంటుకొన్నదో తెలియాలంటే ముందు పువ్వును చేతిలోకి తీసుకొని చూడాలి. అడుగున 5 రక్షకపత్రాలు, వాటి మధ్య సందులలో 5 ఆకర్షణపత్రాలు. రెండు వరుసలూ రంగులో, ఆకారంలో ఇంచుమించు ఒకటిగానే ఉండడం వల్ల పది రేకుల పువ్వు అనిపిస్తుంది. రేకుల మీద దారపు పోగుల వంటి తంతువులు వలయాలుగా పరచుకొని ఉంటవి. ఈ వలయాల సముదాయానికి మకుటం అని పేరు. కొన అంతా ఒక రంగు, నడుమ తెలుపు, మొదట ముదురు ఊదా. ఈ విధంగా పోగులకు పట్టెలు కూడా ఉంటవి. మకుటం మధ్య నుండి నిటారుగా ఒక స్తంభం లేస్తుంది. చాలా పూలలో కేసరాలు రేకుల మొదట అతుక్కొని ఉంటవి, అండాశయం పువ్వు అడుగున కూర్చొని ఉంటుంది. ఇక్కడ రెండూ ఆ స్తంభం మీదికి ఎక్కినవి. స్తంభం చుట్టూ 5 కేసరాలు గొడుగు ఊచల వలె చాపుకొని ఉంటవి. పైన గుండ్రని అండాశయం. దాని నెత్తిన 3 కీలాలు, ఒక్కొక్కదాని కొన మేకు తలకాయ వలె లావుగా ఉంటుంది. తీగకేమో ప్రతి గణుపు దగ్గర చుట్టలు తిరిగిన నులితీగ. లెక్కపెట్టడానికి ఇన్ని వస్తువులున్న పువ్వును చూచి మనిషి కథ కట్టకుండా ఉండలేకపోయినాడు.

మొదటి కథ కట్టినవారు స్పెయినువారు. 1553లో సెవిల్ నగరంలో అచ్చయిన తన పెరూ చరిత్రలో సియెసా ద లియోన్ అనే సైనికుడు గ్రనదిల్లా అనే పండును పేర్కొన్నాడు. గ్రనదిల్లా అంటే చిన్న దానిమ్మ. ఆయనకు కావలసింది పండు. పువ్వులో ఆయనకేమీ కనబడలేదు. తరువాత కొద్దికాలానికే సెవిల్ లోనే నికొలాస్ మొనార్డెస్ అనే వైద్యుడు, కొత్త ఖండం నుండి వచ్చే మూలికల మీద 1565–1574 మధ్య భాగాలుగా గ్రంథం వెలువరించినాడు. మొనార్డెస్ అమెరికాలో అడుగు పెట్టినవాడు కాడు. ఓడరేవుకు వచ్చిన మొక్కలనూ, వచ్చినవారి మాటలనూ ఆధారం చేసుకొని వ్రాసినాడు. గ్రనదిల్లా పువ్వులో క్రీస్తు శ్రమల గుర్తులు ఉన్నవనే మాట ఆయన గ్రంథం ద్వారా యూరపులో వ్యాపించింది.

దానిని సంపూర్ణమైన ప్రతీకగా మలచినవాడు రోము నగరంలోని జాకొమో బోసియో. సిలువను గురించి పెద్ద గ్రంథం వ్రాస్తున్న బోసియోకు మెక్సికోలో పుట్టిన విల్లెగాస్ అనే అగస్టీనియన్ సన్యాసి ఈ పువ్వు బొమ్మలు చూపించినాడు. అటువంటి పువ్వు ఉంటుందని బోసియో మొదట నమ్మలేదు. ఇతరులు కూడా బొమ్మలు తెచ్చి సాక్ష్యం చెప్పిన మీదట, 1610లో అచ్చయిన తన గ్రంథంలో దానిని చేర్చినాడు. ఆయనా, ఆయన తరువాతివారూ చెప్పిన అర్థం ఇది: నడుమ స్తంభం క్రీస్తును కట్టి కొట్టిన కంబం, మూడు కీలాలు మూడు మేకులు, ఐదు కేసరాలు ఐదు గాయాలు, మకుటంలోని పోగులు ముళ్లకిరీటం, అవి 72, నులితీగలు కొరడాలు, ఆకు కొన బల్లెం. పది రేకులు పదిమంది శిష్యులు. పన్నెండుగురిలో అప్పగించిన యూదానూ, ఎరుగననిన పేతురునూ తీసివేస్తే పదిమందే గదా మిగిలేది! లెక్క కుదిరించడంలో వారి ఓపిక మెచ్చుకోదగినది.

అందరూ దీనిని అంగీకరించలేదు. ఇంగ్లండులో జాన్ పార్కిన్సన్ అనే మూలికల నిపుణుడు 1629లో తోటలను గురించి వ్రాసిన గ్రంథంలో, వర్జీనియా నుండి వచ్చిన ఇటువంటి తీగనే వర్ణించి, అక్కడి ఆదివాసులు దానిని పిలిచే మరకాక్ అనే పేరునే వాడినాడు. జెసూటులు ప్రచారం చేసిన బొమ్మను కూడా పక్కనే అచ్చువేసి, ఇది కేవలం కల్పన అని దుయ్యబట్టినాడు. ప్రొటెస్టెంటు ఇంగ్లండుకూ కాథలిక్కు రోముకూ మధ్య ఉన్న కలహం పువ్వు మీదికి కూడా వచ్చిందన్నమాట. అయితే ఆయన కోపం ఆయనది. జనం నోట శ్రమల పువ్వు అనే అర్థమే నిలిచింది. లాటిను భాషలో ఫ్లోస్ పాసియోనిస్ అయింది. లిన్నేయస్ ఆ రెండు మాటలను తిరగవేసి పాసిఫ్లోరా అన్నాడు. 1745లో ఆయన పర్యవేక్షణలో హాల్మన్ అనే విద్యార్థి సమర్పించిన వ్యాసంలో ఇరవైకి పైగా జాతుల వివరం ఉన్నది. 1753లో వెలువడిన లిన్నేయస్ మహాగ్రంథంలో ఆ పేరు శాశ్వతమైంది. తెల్లజుమికికి పాసిఫ్లోరా ఫీటిడా అని పేరు పెట్టింది కూడా అందులోనే. ఫీటిడా అంటే కంపుకొట్టేది.

ఇంగ్లీషులో పాషన్ అనే మాటకు ఇక్కడ మోహమనో ఆవేశమనో అర్థం చెప్పుకొంటే పొరపాటు. తెలుగు క్రైస్తవులు ఈస్టరుకు ముందు పాటించే శ్రమదినాలు అన్న మాటలోని 'శ్రమ'యే దానికి సరియైన అర్థం. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ ఈ మాటకు దగ్గర సంబంధం గల ఊరు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో అభిషిక్తుడైనది ఈ డోర్నకల్ పీఠానికే. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి కతెడ్రల్ గుమ్మటాలలో, స్తంభాలలో మసీదు, దేవాలయాల శిల్పరీతులు కలిసి ఉన్నవి. డోర్నకల్ వాసికి 'శ్రమల పువ్వు' అని చెబితే ఇంగ్లీషు పేరు ఇట్టే బోధపడుతుంది. పండ్ల బండ్ల దగ్గర మాత్రం ఆ పేరు ఇంకొక మెట్టు దిగి 'ఫ్యాషన్ ఫ్రూటు' అయి కూర్చున్నది. లాటినులో మొదలైన పేరు ఇంత దూరం నడిచి వచ్చిన తరువాత కాళ్లు తడబడడంలో ఆశ్చర్యం లేదు.

పువ్వు భారతదేశానికి వచ్చేసరికి గుర్తులు మారినవి, లెక్క మాత్రం మారలేదు. ఇక్కడివారు మకుటంలోని పోగులను వందమంది కౌరవులన్నారు. ఐదు కేసరాలు పంచపాండవులు. గుండ్రని అండాశయం కొందరికి ద్రౌపది, కొందరికి కృష్ణుడు. మూడు కీలాలు త్రిమూర్తులు. వలయాకారంగా ఉన్న పువ్వు మొత్తం సుదర్శన చక్రం. రోములో ముళ్లకిరీటమైన పోగులే ఇక్కడ కురుసేన అయినవి.

భూపాలపల్లి జిల్లావారికి ఈ పద్ధతి కొత్త కాదు. రేగొండ సమీపంలో పాండవుల గుట్టలు ఉన్నవి. ఆ గుట్టల చరియలలో ఆదిమానవులు గీసిన రంగుబొమ్మలు 1990లో పరిశోధకుల దృష్టికి వచ్చినవి. ఆ బొమ్మలు గీసిన మానవులు ఏ భాష మాట్లాడినారో, ఏ దేవుళ్లను కొలిచినారో గాని, తరువాత వచ్చిన జనం మాత్రం గుట్టలకు పాండవుల పేరు పెట్టుకొన్నారు. వింతగా కనిపించిన దానిని తమకు బాగా తెలిసిన కథలోకి తెచ్చుకోవడం మనుషులకు సహజం. పువ్వు విషయంలో జరిగిందీ అదే.

ఇందువల్ల ఒక అపోహ పుట్టింది. కృష్ణకమలం ద్వాపరయుగం నాటి పుష్పమనీ, పురాణాలలో చెప్పబడినదనీ కొందరు నమ్ముతారు. అమ్మేవారు అదే చెప్పి అమ్ముతారు. దీనిని పరీక్షించడానికి జనగామ జిల్లాలోనే మంచి ఆధారం ఉన్నది. పాలకుర్తి దగ్గరి బమ్మెర, భాగవతాన్ని తెనిగించిన పోతన స్వగ్రామమని ప్రసిద్ధి. పోతన 15వ శతాబ్ది కవి. కొలంబస్ అమెరికా దీవులకు చేరినది 1492లో. వాస్కో డ గామా కోళికోడుకు వచ్చినది 1498లో. బ్రెజిల్ తీరాన్ని తాకి, అక్కడి నుండి నేరుగా భారతదేశానికి వచ్చిన మొదటి నౌకాదళం కబ్రాల్ నడిపినది, 1500వ సంవత్సరంలో. అమెరికా మొక్క ఏదైనా భారతదేశంలో కాలుపెట్టగలిగేది ఆ తరువాతనే. కృష్ణకథను తెలుగువారి ఇంటింటికీ తెచ్చిన పోతనకు తన ఊరి పొలాలలో కృష్ణకమలం చూచే అవకాశం లేదు. తెల్లజుమికి కూడా ఆయన గట్ల మీద పాకి ఉండదు.

ఇటువంటి పేరు ఇది ఒక్కటే కాదు. జనగామ చుట్టుపక్కల గుట్టల మీద ఎవరూ నాటకుండా పెరిగే సీతాఫలం కూడా అమెరికా ఉష్ణమండలం నుండి వచ్చినదే. దానికి సీత పేరు, దాని తోబుట్టువుకు రాముని పేరు పెట్టుకొన్నారు. కోత రోజులలో మహబూబాబాద్ మార్కెట్టును ఎర్రగా కప్పివేసే మిరప కూడా ఆ సముద్రమార్గాన వచ్చినదే. మిరపను పరదేశి అంటే నేడు ఏ రైతూ ఒప్పుకోడు. తెల్లజుమికి కూడా అంత గాఢంగా పాతుకొన్నది. అయితే మిరప వలె పిలిచి నాటగా కాదు, పక్షులు పండ్లు తిని గింజలు విడువగా. 2008లో సి. సుధాకర రెడ్డి ప్రచురించిన, భారతదేశంలో చొరబడి వ్యాపించిన పరదేశ మొక్కల జాబితాలో 173 జాతులు ఉన్నవి. వాటిలో తెల్లజుమికి ఒకటి.

కథలను పక్కన పెట్టి పువ్వు తనకోసం ఏమి చేసుకొంటున్నదో చూస్తే అది కథలకు తీసిపోదు. మకుటంలోని పోగులు 72 కావు, 100 కావు. జాతిని బట్టి, వరుసలను బట్టి మారుతూ ఉంటవి. పాఠకులు ఒక పువ్వు తెంపి తామే లెక్కపెట్టవచ్చును. వాటి పని పురుగులకు దూరం నుండి గురి చూపడం, వచ్చినవాటికి వాలేందుకు చోటివ్వడం. లోపలి పోగులు దగ్గరగా చేరి మకరందపు గిన్నె మీద మూతగా నిలుస్తవి. పెద్ద నల్లని తుమ్మెద, అంటే ఎండిన దూలాలకు, వెదురుకు బెజ్జాలు చేసి గూడు కట్టేది, మకరందం కోసం మకుటం మీద వాలి తల లోపలికి దూర్చి చుట్టూ తిరుగుతుంది. కేసరాలు దాని వీపు కంటె కొంచెం ఎత్తున వేలాడుతూ ఉంటవి గనుక పుప్పొడి వీపు మీద రాలుతుంది. పువ్వు విప్పారిన కొత్తలో కీలాలు పైకి నిలబడి ఉంటవి. కొంతసేపటికి అవి మెల్లగా వంగి కేసరాల మట్టానికి దిగుతవి. అప్పుడు మరొక తీగ నుండి పుప్పొడి మోసుకొని వచ్చిన తుమ్మెద వీపు వాటికి తగులుతుంది. తేనెటీగ ఈ పనికి చాలదు. అది పొట్టిది, కీలాలకు తగలకుండానే పుప్పొడి ఎత్తుకొని పోతుంది. కౌరవులనుకొన్న పోగులు దారి చూపుతవి, పాండవులనుకొన్న కేసరాలు పుప్పొడి చల్లుతవి, యుద్ధమేమీ లేదు.

తెల్లజుమికి మరొక విషయంలో కూడా గట్టిది. మొగ్గనూ కాయనూ చుట్టుకొని ఉండే వల వంటి తొడుగు నిజానికి మూడు పుచ్ఛాలు చీలి అల్లుకొన్నది. వాటి కొనలలో జిగురు కారే గ్రంథులు ఉంటవి. కాయను తొలవడానికి వచ్చే చిన్న పురుగులు ఆ జిగురులో చిక్కుకొని చస్తవి. 1995లో రాధామణి, సుదర్శన, కృష్ణన్ బెంగుళూరు నుండి వెలువడే జీవశాస్త్ర పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, ఈ గ్రంథుల స్రావంలో మాంసకృత్తులను జీర్ణించే ఎంజైములు కూడా ఉన్నట్లు చూపినారు. మొగ్గకు కంచెగా పుట్టినది కొంతవరకు వేటకు కూడా పనికివస్తున్నదన్నమాట. ఇంతటితో ఆగక ఆకులలో, పచ్చి కాయలలో సయనైడును విడువగల గ్లైకోసైడులు కూడా ఉన్నవి. ఈ సంగతి ఇంటివారు తప్పక గుర్తుంచుకోవలసినది. పూర్తిగా పండి రంగు తిరిగిన పండును పిల్లలు తినవచ్చును గాని, పచ్చి కాయను నోట పెట్టనివ్వరాదు. మేకలకు ఈ తీగను మేతగా కోసి వేయరాదు.

ఇన్ని రక్షణలు ఉన్నా ఒక శత్రువు గెలిచింది. నారింజ రంగు రెక్కలకు నల్లని చుక్కలు, అంచులు గల సీతాకోకచిలుక ఒకటి కంచెల మీద తక్కువ ఎత్తులో నిదానంగా ఎగురుతూ కనిపిస్తుంది. దాని పేరు ఆక్రియా టెర్ప్సికోరి. ఇది భారతదేశపు సొంత పురుగు. దాని పూర్వపు మేత మొక్కలలో ఒకటి, ఆయుర్వేదం ఎరిగిన రత్నపురుష అనే చిన్న మూలిక. తెల్లజుమికి వచ్చిన తరువాత దాని ఆకులను కూడా తినడం అలవరచుకొన్నది. ఆకులోని విషం గొంగళికి హాని చేయకపోగా పక్షుల నుండి రక్షణ అయింది. ఈ సీతాకోకచిలుక ఇటీవలి దశాబ్దాలలో తూర్పు దిక్కుగా వ్యాపించి 2006లో సింగపూరులో, 2012లో ఆస్ట్రేలియా ఉత్తర తీరాన డార్విన్ దగ్గర కనబడింది. ఇంటి ముందరి కృష్ణకమలం మీద ముళ్లముళ్లుగా ఉండే ఎర్రని గొంగళ్లు గుంపుగా కనిపిస్తే అవి చాలావరకు దీని పిల్లలే. తీగ ముదిరినదైతే ఆకులు పోయినా తిరిగి చిగురిస్తుంది. వెంటనే పురుగుమందు చల్లితే గొంగళ్లతో పాటు తుమ్మెదలు కూడా పోయి, కాయ పట్టడం మానుతుంది.

ఇక కొనుగోలు సంగతి. ఈ మూడు జిల్లాల నర్సరీలకు పూలమొక్కలు ఎక్కువగా గోదావరి గట్టున ఉన్న కడియం ప్రాంతం నుండి లారీలలో వస్తవి. సంచికి కట్టిన చీటీ మీద కృష్ణకమలం అనో, పాషన్ ఫ్లవర్ అనో మాత్రమే ఉంటుంది. ఆ ఒక్క పేరు కింద కనీసం నాలుగు రకాలు అమ్ముడుపోతున్నవి. ఆకు ఐదు నుండి ఏడు పాయలుగా చీలి, అంచులు నున్నగా ఉంటే అది పాసిఫ్లోరా సెరూలియా, అంటే నీలి రకం. దక్షిణ బ్రెజిల్, అర్జెంటీనాల చల్లని ప్రాంతాలది; మన మే నెల ఎండకు తాళలేక సొమ్మసిల్లుతుంది. ఆకు మూడు పాయలై అంచున సన్నని పళ్లు ఉండి, పువ్వు ఊదాగా ఉంటే ఇంకార్నాటా గాని, దాని సంకరం గాని కావచ్చును. అటువంటి సంకరాలలో ఇన్సెన్స్ అనేది 1973లో అమెరికాలోని ఫ్లోరిడాలో విడుదలైనది. పువ్వు అందమైనది, కాయ ఆశించరాదు. ఎర్రని పువ్వుల రకాలు అమెరికాలో తేనెపిట్టలకోసం పుట్టినవి. ఇక్కడ వాటిని పూలకోసమే పెంచుకోవాలి. ఆకు మూడు పాయలై, నిగనిగలాడుతూ, పళ్ల అంచుతో ఉండి, పువ్వు తెల్లని రేకులు, ఊదా మొదలు గల పోగులతో ఉంటే అది తినే పండు ఇచ్చే పాసిఫ్లోరా ఎడ్యులిస్.

పండుకోసం తీగ కొని, మూడేండ్లు పందిరి మీద పాకించి, పూలు చూచి మురిసి, ఒక్క కాయ పట్టక కోసివేసినవారు తక్కువమంది కారు. దోషం మట్టిదీ కాదు, ఎరువుదీ కాదు, పేరుది. పువ్వుకోసం ఎన్నిక చేసిన రకాన్ని పండుకోసం కొన్నారు. ఎడ్యులిస్ నే కొన్నా ఇంకొక చిక్కు ఉన్నది. అందులో రెండు రకాలు. ఊదారంగు పండు రకం చల్లని కొండ ప్రాంతాలది. 20వ శతాబ్ది తొలి భాగంలో నీలగిరి, కొడగు, వయనాడు ప్రాంతాలలో పాతుకొన్నది. తన పుప్పొడితో తానే కాయగలదు. పసుపు పండు రకం మైదానపు వేడికి ఓర్చుతుంది, కాని తన పుప్పొడితో తాను కాయదు. ఒకే తీగ నుండి తీసిన కొమ్మలు పది నాటినా అవి అన్నీ ఒకటే మొక్క కింద లెక్క. అందుచేత వేరు వేరు గింజల నుండి వచ్చిన రెండు తీగలైనా పక్కపక్కన ఉండాలి. కొడగులోని చెట్టళ్లిలో, బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థకు చెందిన కేంద్రం ఈ రెండు రకాలను సంకరం చేసి కావేరి అనే రకాన్ని తయారుచేసింది. జనగామ, భూపాలపల్లి ఎండలకు పసుపు రకమో కావేరియో తగినవి.

ఔషధం పేరిట కొనేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. యూరపు, అమెరికాలలో నిద్రలేమికి, ఆందోళనకు వాడినది ఇంకార్నాటా ఒక్కటే. ఆ పేరుతో ఎడ్యులిస్ ఆకు కలిసిపోవడం వల్ల వచ్చిన గందరగోళాన్ని తీర్చడానికి, చండీగఢ్ లోని పంజాబ్ విశ్వవిద్యాలయంవారు 2001లో రెండు జాతులనూ పోల్చి చూడవలసి వచ్చింది. నర్సరీ చీటీని నమ్మి ఇంట్లో కషాయం కాచుకోవడం ఏ విధంగానూ తగదు.

నాటడానికి జూన్ చివర, జూలై మొదలు మంచి అదను. గింజలను గుజ్జు కడిగి, ఒక రాత్రి నీటిలో నానవేసి నాటితే రెండు నుండి నాలుగు వారాలలో మొలుస్తవి. పాత గింజలు మొండికి పడుతవి. కొమ్మ నాటాలంటే మూడు నాలుగు గణుపులు గల ముక్క చాలు. జనగామ ఎర్ర చల్క నేలలో నీరు నిలవదు గనుక వేరు ఆరోగ్యంగా ఉంటుంది. కాని ఎండాకాలం మొదట్లో ఎండుటాకులు, వరిగడ్డి పరచి తేమ కాపాడాలి. గోదావరి వైపు భూపాలపల్లి రేగడిలో దీనికి వ్యతిరేకం: నీరు నిలిస్తే వేరు కుళ్లి తీగ రెండు మూడు రోజులలో వాడిపోతుంది, కాబట్టి గుంతలో గాక ఎత్తైన మడి మీద నాటాలి. మహబూబాబాద్ లో రెండు రకాల నేలలూ ఉన్నవి, తవ్వి చూచుకోవడమే. పందిరి గట్టిది వేయాలి. పూలు కొత్త చిగుళ్ల మీదనే వస్తవి గనుక కాపు అయిన తరువాత ముదురు కొమ్మలను కత్తిరించాలి.

పసుపు రకం పువ్వు మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో విప్పారి రాత్రి తొమ్మిది, పది గంటలకు ముడుచుకొంటుంది. దాని ఆయువు అంతే. పెరట్లో తుమ్మెదలు తిరుగుతూ ఉంటే చేయవలసింది లేదు. వాటికోసం ఎండిన మొద్దు ఒకటి, నాలుగు వెదురు బొంగులు మూలన పడవేసి ఉంచితే చాలు. తుమ్మెదలు లేని పట్టణపు మేడ మీద మాత్రం మనిషి ఆ పని చేయాలి. మధ్యాహ్నం రెండు గంటల తరువాత, కీలాలు కిందికి వంగిన పువ్వు చూచుకొని, పక్క తీగ పుప్పొడిని మెత్తని కుంచెతో గాని, వేలికొనతో గాని వాటి కొనలకు అద్దాలి. కీలాలు వంగక పైకే నిలిచిన పువ్వులు కొన్ని ఉంటవి. అవి కాయవు, వాటి మీద శ్రమ దండగ. కాయ పట్టినదీ లేనిదీ రెండు మూడు రోజులలో తెలుస్తుంది. అక్కడ నుండి అరవై, ఎనభై రోజులకు రంగు తిరుగుతుంది. దానిని తీగ నుండి తెంపవలసిన పని లేదు. పండిన పండు తానే రాలుతుంది, ఉదయం లేచి పందిరి కింద ఏరుకొంటే సరి.